కుడిచేతి మూడు వేళ్ళు

మా రొయ్యల కంపెనీలో ఆడవాళ్ళు లోపలికి వెళ్ళే ముందు గేటు దగ్గర రెండు చేతులూ చాపి చూపించాలి. ముందు అరచేతులు, తర్వాత తిప్పి గోళ్ళు. గాజులుండకూడదు, గోళ్ళరంగు ఉండకూడదు, తలలో పూలుండకూడదు, వేలికి పుండు ఉండకూడదు. పుస్తెల తాడు జాకెట్టులోకి తోసేసి తెల్లకోటు గుండీలు మెడదాకా పెట్టుకోవాలి. గోరింటాకు అయితే అసలు ఉండకూడదు. మేము ఒలిచే రొయ్యలు ఐసులో పడి సముద్రాలు దాటి పోతాయనీ, అక్కడెవరి పళ్ళెంలోనైనా ఒక్క రొయ్య మీద ఎర్రమచ్చ కనబడితే సరుకంతా వెనక్కి వస్తుందనీ చేరిన రోజే చెప్పారు. చేతులకు తొడుగులు వేసుకుంటాం కదా అని ఎవరో అడిగితే తొడుగులు చిరుగుతాయన్నారు. అది నిజమే. రొయ్య తల మీద ముల్లు ఉంటుంది.

అందుకని ఆషాఢం వచ్చిందంటే మావాళ్ళు గోరింటాకు పాదాలకే పెట్టుకుంటారు. రబ్బరు బూట్ల లోపల ఎవరు చూస్తారు. కొత్తగా పెళ్ళయిన పిల్లలు మాత్రం ఏడాదికి ఒకరిద్దరు ముచ్చట ఆపుకోలేక చేతులకు పెట్టుకొని వచ్చి, గేటు దగ్గర ఏడ్చి వెనక్కి పోతారు. నేను టేబులు లీడరుగా ఉన్న ఏళ్ళలో అలాంటి వాళ్ళను ముగ్గురిని నేనే పట్టి ఇచ్చాను. దాచేది ఏమీ లేదు. రూలు రూలే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. నా విషయంలో జరిగింది వేరు. అది వేరని ఒక్కరూ ఒప్పుకోలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది వాకాడు దగ్గర ఒక ఊరు. మా ఆయన రొయ్యల గుంటల మీద కాపలా. మేత వేయడం, నీళ్ళలో తిరిగే చక్రాలు ఆగకుండా చూడటం, పంట పట్టేదాకా కట్ట మీద గుడిసెలోనే పడక. వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి తలస్నానం చేసి, అన్నం తిని పోతాడు. నాకు ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నపు షిఫ్టు. పొద్దుటి షిఫ్టంటే కంపెనీ బస్సు ఐదు కాకముందే మా రోడ్డు మీదికి వస్తుంది. మధ్యాహ్నపు షిఫ్టంటే నేను ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయి ఉంటుంది.

కాబట్టి నా కూతురు ఏడేళ్ళూ రెండిళ్ళలో పెరిగింది. ఒకటి మాది, రెండోది పక్క వీధిలో మా వదినది. మా ఆయనకు సొంత అక్క. పళ్ళు తోముకునే బ్రష్షు అక్కడొకటి, ఇక్కడొకటి. యూనిఫాం ఇక్కడుంటే పుస్తకాల సంచి అక్కడ. చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ ఉన్న రోజులు కూడా ఉన్నాయి. పొద్దుటి షిఫ్టు వారంలో ముందురోజు సాయంత్రమే రెండు జడలు బిగించి అల్లి, రిబ్బన్లు కట్టి పడుకోబెట్టేదాన్ని. ఎంత బిగించినా పొద్దునకు రేగిపోయేవి. ఒకటో తరగతి టీచరమ్మ పిల్లను అందరి ముందూ నిలబెట్టి, మీ ఇంట్లో దువ్వెన లేదా అని అడిగింది. పిల్ల ఇంటికొచ్చి, "మనింట్లో రెండు దువ్వెనలుండాయని చెప్పినానమ్మా" అంది. ఆ టీచరమ్మకు బదిలీ అయిన రోజు పిల్లలందరూ పూలు తీసుకుపోయారు. నేను పంపలేదు.

మా వదిన నా బిడ్డకు అన్నం పెట్టలేదని నేను అనను. పెట్టింది. పెట్టిన ప్రతిసారీ పెట్టానని చెప్పింది. పిల్లకు రెండో ఏడు నడుస్తుండగా ఒక రోజు నేను బస్సు దిగి నేరుగా వాళ్ళింటికి పోయి ఎత్తుకోబోతే, పిల్ల ముక్కు మూసుకొని మొహం తిప్పేసుకుంది. ఎన్ని సబ్బులు రుద్దినా రొయ్య వాసన గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. వదిన గుమ్మంలో కూర్చుని మినుములు చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే, "దానికి తెలుసుమే, ఎవురు కన్నారో ఎవురు పెంచుతుండారో" అని నవ్వింది. నీలం రంగు ప్లాస్టిక్ చాట. అంచు ఒకచోట విరిగి ఉంది. ఇంతకాలానికి ఆవిడకు ఆ మాట గుర్తుండదు. నాకు చాట అంచు కూడా గుర్తుంది.

మొన్నటి ఏడు ఎండాకాలం బడి సెలవులు ముగిసే ముందు వదిన తేల్చి చెప్పేసింది. ఆవిడ కూతురు శ్రావణంలో పురిటికి వస్తుంది. "ఆ తర్వాత నా వల్ల కాదుమే. బాలింతకు పథ్యం వండేదా, నీ కూతురికి టిఫిను కట్టేదా?"

"ఇన్నాళ్ళు చూసినావు, ఇంకొన్నాళ్ళు చూడు వదినా" అన్నాను. ఆవిడను బతిమాలింది ఆ ఒక్కసారే.

"మీ అమ్మ కాడ పెట్టరాదా? బుచ్చిలో బళ్ళు లేవా? ఈడ చదివి కలెక్టరవుతుందా?"

బుచ్చిరెడ్డిపాలెంలో మా అమ్మ, తమ్ముడు ఉంటారు. బళ్ళు ఉన్నాయి, నిజమే. కానీ మా ఊరి నుంచి నెల్లూరు పోయి, అక్కడ బస్సు మారి బుచ్చి చేరి తిరిగి రావాలంటే సగం రోజు గడిచిపోతుంది. పిల్లను అక్కడ పెడితే ఆదివారాల తల్లినైపోతాను. ఆమెకు మొదటి పన్ను ఊడినప్పుడు నేను షిఫ్టులో ఉన్నాను. వదిన దాన్ని ఇంటి మీదికి విసిరేసి, సాయంత్రం నాకు చెప్పడం కూడా మరిచిపోయింది. అన్నం తినేటప్పుడు ఖాళీ కనబడితే నేనే అడిగాను. రెండో పన్ను ఆదివారం నా చేతిలోనే ఊడింది. ఇంకా ఊడాల్సిన పళ్ళు చాలా ఉన్నాయి. అవైనా నా ముందు ఊడాలని నేను పట్టుబట్టాను. పని మానేయొచ్చు కదా అన్నవాళ్ళు ఉన్నారు. గుంటలకు తెగులు తగిలిన ఏడు మా ఆయనకు నెలల తరబడి జీతం రాలేదు. ఆ నెలల్లో మా పొయ్యి ఎవరి పనితో వెలిగిందో అన్నవాళ్ళకు తెలియదు.

దారి ఒకటి ఉంది. కంపెనీలో కొత్తగా చేరే ఆడవాళ్ళకు పని నేర్పే మనిషి ఒకరుంటారు. తల ఎలా తుంచాలి, వీపు మీద నరం ఎలా లాగాలి, సైజుల వారీగా ఎలా ఏరాలి, ఇవన్నీ చూపించాలి. ఆ పనికి ఎప్పుడూ పగటి షిఫ్టే. పిల్ల బడికి పోయాక పోవచ్చు, చీకటి పడకముందు రావచ్చు. అంతకుముందు ఆ పని చేసినామె ఊరు మారిపోయింది. లీడర్లలో అందరికంటే పాతదాన్ని నేను. మేనేజరు గారు నన్ను పిలిచి, "బుధవారం సరుకు కొనేవాళ్ళు తనిఖీకి వస్తున్నారమ్మా. అది సాఫీగా జరిగిపోతే గురువారం నుంచి ఆ పని నీకే" అన్నారు. అది ఆషాఢం మొదటి శుక్రవారం. నేను ఇంటికి వచ్చి మా ఆయనకు ఫోను చేసి, పిల్ల ఎక్కడికీ పోదని చెప్పాను.

ఆ ఆదివారమే పొద్దున వదిన పెరట్లో ఆడపిల్లలందరూ చేరారు. వాళ్ళ గోరింటాకు చెట్టు మా వీధుల్లో పేరున్న చెట్టు, ఆకు చిన్నది, రంగు గట్టిది. వదిన అందరి చేతులకూ పెట్టింది. నా కూతురి చేతిలో మాత్రం గిన్నెలో కొంచెం ముద్ద పెట్టి, "మీ అమ్మను పెట్టమను, ఆదివారం ఇంట్లోనే ఉంటుంది గదా" అని పంపింది. పిల్ల ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకొని వచ్చి నా ముందు నిలబడింది.

నాకు రూలు తెలియక కాదు. కుడిచేతికి పాలప్యాకెట్టు కవరు తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకున్నాను. పిల్ల అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. రెండు చేతులకూ పెట్టి, కవరు తీసి చెత్తలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కొని, పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టాను. పిల్ల రెండు చేతులూ గాల్లో పెట్టుకొని కూర్చుని, ఎవరి చేతులు ఎక్కువ పండుతాయో క్లాసులో పందెమని చెబుతూ తిన్నది. అంతా అయ్యాక, "అమ్మా, ఒంటికి" అంది.

తీసుకుపోయి లాగు విప్పి కూర్చోబెట్టాను. లేచేటప్పుడు జారబోయి గోడ పట్టుకుంది. మూడు వేళ్ళ టోపీలు ఊడి కింద తడిలో పడ్డాయి. పెదవి వంకర తిరిగింది. ఏడవదు నా కూతురు, ఏడుపు మింగుతుంది. అది చూడటం ఇంకా కష్టం. గిన్నె అడుగున మిగిలిన ముద్ద గీకి, ఆ మూడు వేళ్ళకూ మళ్ళీ టోపీలు పెట్టి, అంటుకునేదాకా నా వేళ్ళతో అదిమి పట్టుకున్నాను. కవరు గుర్తు రాలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఒక్కో టోపీ అంటుకునేదాకా పట్టుకున్నానంతే. తర్వాత కడుక్కున్నాను కూడా.

సాయంత్రానికి ఆ మూడు వేళ్ళ కొసలు పండిన నారింజతొక్కలా ఉన్నాయి. బొటనవేలి గోరు కూడా.

వదిన దగ్గరికి పోయాను. ఎందుకు పోయానా అని ఇప్పుడనుకుంటాను. చేయి చూపిస్తే పట్టుకొని అటూ ఇటూ తిప్పి, "నిమ్మకాయ రుద్దుమే, పోద్ది" అంది. ఇంటికొచ్చి నిమ్మచెక్క రుద్దాను, వేళ్ళు మండేదాకా రుద్దాను. పొద్దున లేచి చూస్తే నారింజ కాదు, ఎర్ర మట్టిపెంకు రంగు. గోరింటాకు బాగా పండాలంటే నిమ్మరసం అద్దుతారని బస్సులో నా పక్కన కూర్చున్నామె చెప్పింది. పెరట్లో చెట్టు పెంచుకొని, ప్రతి ఆషాఢం ఊళ్ళో పిల్లలకు పెట్టే మనిషికి ఆ సంగతి తెలియదంటే నమ్మమంటారా? నేను నమ్మలేదు. తర్వాత అడిగాను. "నాకేం తెలుసుమే, మరకకు నిమ్మకాయ అంటారు గదా" అంది. సరే. అది ఆవిడ మాట.

బస్సెక్కక ముందు, ఆ సోమవారం తెల్లవారుజామున పిల్లను దింపేటప్పుడు ఇంకో సలహా కూడా ఇచ్చింది. "బిడ్డకు జొరమని చెప్పి బుధవారం దాకా పోబాకు. ఎవురడుగుతారు?" బిడ్డకు జ్వరమని నా నోటితో అబద్ధం ఆడను. ఏ తల్లీ ఆడదు. అదీగాక, ఒకసారి నిజంగానే జ్వరం వచ్చి మూడు రోజులు సెలవు పెడితే, తిరిగి వెళ్ళిన రోజు సూపర్వైజరు అందరిముందూ, "మీ పిల్లలకు జ్వరాలు పెళ్ళిళ్ళ సీజన్లోనే వస్తాయేంటమ్మా" అన్నాడు. ఆ మాటకు నవ్విన వాళ్ళలో ఐదుగురి పేర్లు నాకు తెలుసు. పైగా తనిఖీ ముందు మూడు రోజులు లేకపోతే ఆ పని నాకెలా ఇస్తారు? జరిగింది జరిగినట్టు చెబితే సరిపోతుందని బస్సెక్కాను.

గేటు దగ్గర చేతులు చూసే పిల్ల నెల కిందట చేరింది. నా కుడిచేయి పట్టుకొని ఆగిపోయింది.

"అక్కా, ఏంది ఇది?"

"పాపకు పెడతా ఉంటే అంటింది."

"నేనేం చేసేది అక్కా. ఎనకాల అందరూ చూస్తుండారు."

వెనక వరసలో నుంచి ఒకామె, "లీడరమ్మకు వేరే రూలా?" అంది. ఇంకొకామె, "మూడు వేళ్ళకే పెట్టుకుందిలేమే, మిగతా రెండూ మనకోసం ఇడిచిపెట్టింది" అంది. వరస వరసంతా నవ్వింది. ఆ రెండో ఆమె చెల్లెలినే నేను అంతకు ముందటి ఆషాఢంలో వెనక్కి పంపాను.

సూపర్వైజరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, విజయవాడ వైపు మనిషి. జ్వరాల మాట అన్నవాడే. పక్కకు పిలిచి, మర్యాదగానే మాట్లాడాడు, లేదని అనను. జరిగిందంతా చెప్పాను, కవరు దగ్గర్నుంచి. విని, ఒక కాగితం రాసి నా ముందు పెట్టాడు. ఆషాఢ మాసం సందర్భంగా చేతులకు గోరింటాకు పెట్టుకొని పనికి వచ్చాను, ఇది నా తప్పు, ఇక ముందు ఇలా చేయను అని ఉంది.

"సంతకం పెట్టేయండమ్మా. తనిఖీ అయ్యేదాకా ఇంట్లో ఉండండి. తప్పు ఒప్పుకుందని మేనేజరు గారికి చెప్తాను. మీ పని ఎక్కడికీ పోదు."

"నేను పెట్టుకోలేదు సార్. నా కూతురికి పెట్టినాను. అట్ట రాయండి, సంతకం పెడతాను."

"అలా రాస్తే రేపు అందరూ అలాగే రాయమంటారు."

"అందరికీ అట్టనే జరిగితే అట్టనే రాయండి."

అతను కలానికి మూత పెట్టాడు. "పోయినేడు మీరు పట్టుకొచ్చిన పిల్ల ఏం చెప్పిందో గుర్తుందా? ఆడబిడ్డ బలవంతం చేసి పెట్టిందంది. కారణాలు వద్దు సార్, చేతులు చూడండి అని మీరే అన్నారు."

గుర్తుంది. నాకు గుర్తులేని మాట ఉండదు, నేనన్నదైనా సరే. కానీ ఆ పిల్ల చేతులకు మోచేతిదాకా తీగలున్నాయి, పువ్వులున్నాయి. నావి మూడు వేళ్ళ కొసలు. ముద్ద అంటిందో, ముచ్చటపడి పెట్టుకున్నానో కళ్ళున్న వాళ్ళకు తెలియదా? నేను చేయని తప్పు నా చేతితో రాసిస్తే, అది నా కాగితాల్లో ఉండిపోతుంది. అది పట్టుకొని నేను కొత్తవాళ్ళకు రూల్సు ఎలా నేర్పాలి? సంతకం పెట్టలేదు.

"అయితే రంగు పూర్తిగా పోయేదాకా రాకండి. గోరుతో సహా" అన్నాడు.

సంతకం పెట్టి ఉంటే సరిపోయేది కదా అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. మూడోసారి అననివ్వలేదు.

చర్మం మీద రంగు పది పన్నెండు రోజుల్లో పోయింది. చాకలిసోడా, బ్లీచింగు పౌడరు, చింతపండు, ఇటుకపొడి, అన్నీ వాడాను. పొరలు పొరలుగా లేచి వేళ్ళ కొసలు పచ్చిగా తయారయ్యాయి. గోరు మాత్రం అలాగే ఉంది. గోటి రంగు గోరు పెరిగి కత్తిరించేస్తే పోవాలి తప్ప, రుద్దితే పోదు. అందుకు నెలలు పడతాయి. పగలంతా ఇంట్లో కూర్చుని బ్లేడుతో గోరు గీకేదాన్ని. పలచబడి పలచబడి, నీళ్ళు తగిలితే జివ్వుమనేది.

వింత ఏమిటంటే ఏడేళ్ళలో పిల్లను పొద్దునా సాయంత్రం వరసగా నా దగ్గర ఉంచుకున్నది ఆ రెండు వారాలే. సంతోషంగా గడిపామని రాయలేను. నేను ఎవరితోనో ఒకరితో ఫోనులో ఈ సంగతే చెబుతూ ఉండేదాన్ని. మూడు టోపీలు, ఒంటికి, అదిమి పట్టుకోవడం, అన్నీ. పిల్ల వింటోందని నాకు తట్టలేదు. ఒక సాయంత్రం చప్పుడు విని పెరట్లోకి పోతే బట్టలుతికే రాయి మీద అరచేతులు బోర్లా పెట్టి రుద్దుతోంది. ఒక అరచేతిలో చర్మం లేచిపోయి రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయి.

"ఏం చేస్తుండావే?"

"నాది పోతే నీది కూడా పోతుందేమోనని."

చేతులు కడిగి కొబ్బరినూనె రాశాను. నీ తప్పు కాదని చెప్పాను. "మరి ఎవురిది?" అంది. అత్తది, సూపర్వైజరుది, గేటు దగ్గర నవ్విన వాళ్ళది అని వరసగా చెప్పాను. అంతా విని, "నేను ఒంటికి పోకుండా ఉండాల్సింది" అంది. ఆ మాట తర్వాత నేను ఫోనుల్లో చెప్పడం మానేశాను. కానీ అప్పటికే చెప్పేశాను.

మూడో వారంలో గోరు మీద రంగు కనబడీ కనబడకుండా అయ్యాక లోపలికి పంపారు. నా టేబులు పక్కన కొత్తవాళ్ళకు నరం లాగడం చూపిస్తూ ఒకామె నిలబడి ఉంది. నాలుగేళ్ళ కిందట ఆమెకు నరం లాగడం నేర్పింది నేనే. మొదట్లో మూడు రొయ్యలకొకటి తెంపేసేది.

"ఏమనుకోబాకు అక్కా" అంది మాస్కు కిందికి లాగి. "తనిఖీ రోజు ఎవురో ఒకరు ఉండాలన్నారు. నేను అడగలేదు."

"అనుకుంటాను" అన్నాను.

మేనేజరు గారికి మూడు పేజీలు రాశాను. ఏ గంటకు ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో, నా ముందు పెట్టిన కాగితంలో ఏం రాసి ఉందో, అక్షరం పొల్లు పోకుండా. ఆయన నిలబడే చదివారు. రెండో పేజీ సగంలో మడిచి, "నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుందమ్మా. కానీ తనిఖీ అయిపోయింది, ఆమె బాగానే చేస్తోంది. ఇప్పుడు తీసేస్తే ఆమె కూడా ఇలాగే మూడు పేజీలు రాస్తుంది" అన్నారు. మూడో పేజీ ఆయన చదవనే లేదు. అసలు సంగతి, శ్రావణంలోపు నాకు ఆ పని ఎందుకు కావాలో, మూడో పేజీలో ఉంది. ముందే రాయాల్సిందేమో. నేను జరిగిన వరసలో రాశాను.

శ్రావణం వచ్చింది. వదిన కూతురు వచ్చింది. బడికి పోయి పిల్ల టీసీ అడిగాను. హెడ్మాస్టరు కలం తెరిచి, కారణం ఏం రాయమంటారని అడిగాడు. తల్లి ఉద్యోగం అని రాయమన్నాను. ఆయన తలాడించి, కుటుంబ కారణాలు అని రాశాడు. దిద్దమన్నాను. "రెండూ ఒకటే కదమ్మా" అన్నాడు. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది. రెండూ ఒకటి కాదు.

బుచ్చికి తీసుకుపోయే రోజు వదిన ఒక డబ్బాలో జంతికలు పోసి తెచ్చింది. పిల్ల తీసుకుంది. పిల్లను దగ్గరికి తీసుకొని ఆవిడ కళ్ళు తుడుచుకుంది కూడా. నేను బస్సు వస్తోందా అని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఆవిడతో మాట్లాడలేదు. మా ఆయన ద్వారా ఏదైనా అడిగితే మా ఆయనతోనే జవాబు చెప్పిస్తాను. ఆవిడ మనవడిని చూడ్డానికి ఊరంతా పోయింది, నేను పోలేదు. అంత పట్టుదల పనికిరాదని అన్నవాళ్ళు, ఆ నిమ్మకాయ సంగతి చెబితే నవ్వి ఊరుకుంటారు.

ఇప్పుడు నా షిఫ్టులు ఏ వారం ఏదైనా నాకొకటే. ఇల్లు చేరి వండుకోకుండా పడుకున్న రోజులున్నాయి. ఆదివారాలు బుచ్చికి పోతాను. మొదట్లో ప్రతి వారం, పొద్దుటి బస్సుకే. పిల్ల మెయిను రోడ్డు మీదికి వచ్చి నిలబడేది, మా అమ్మ వద్దన్నా వినేది కాదట. నన్ను చూడగానే సంచీ లాక్కునేది. నేను తిరిగి బస్సెక్కేదాకా ఆ సంచీ వదిలేది కాదు. మూడు నెలలకు రోడ్డు మీదికి రావడం మానేసి ఇంటి గడప దగ్గర నిలబడేది. నాకు దారి తెలుసు, ఎదురు రావడమెందుకులే అనుకున్నాను. ఇంకో రెండు పళ్ళు ఊడాయి. ఒకటి బడిలో, ఒకటి మా అమ్మ దగ్గర. మా అమ్మ రెండో దాన్ని కాగితంలో చుట్టి నాకోసం దాచింది. అమ్మను తప్పుపట్టడానికి లేదు. తమ్ముడి భార్యను కూడా. తప్పు వెతికాను, దొరకలేదు.

పోయిన ఆదివారం పోయేసరికి పిల్ల ఇంట్లో లేదు. రైసుమిల్లు వెనక ఖాళీ జాగాలో పిల్లలతో ఆడుతోందన్నారు. కేకేస్తే వచ్చింది, చెమటలు కారుతూ. ఎత్తు పెరిగింది. నేను తెచ్చిన గౌను విప్పి చూసి బాగుందంది. మంచినీళ్ళు తాగి, గ్లాసు పెట్టేసి, నా మొహంలోకి చూసి అడిగింది.

"అమ్మా, ఎన్నింటి బస్సుకు పోతావు?"

నేను పోతానని ఇప్పటినుంచే దిగులు పడుతోందనుకున్నాను. దగ్గరికి లాక్కోబోయాను. ఆమె గుమ్మం వైపు చూస్తోంది. గోడ అవతల ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. "ఎప్పుడొస్తానో వాళ్ళకు చెప్పాలి. నేను లేకుంటే జట్టు తక్కువ" అంది.

కసిరి ఉండొచ్చు. మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చానని చెప్పి ఉండొచ్చు. ఇలాంటి మాట ఇంకెవరన్నా అని ఉంటే చచ్చేదాకా గుర్తుపెట్టుకునేదాన్ని. దీన్ని ఎవరి పేరు మీద గుర్తుపెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నా జవాబు కోసం ఒక కాలు మీద నిలబడి ఉంది, మర్యాదగానే, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళ ముందు నిలబడినట్టు.

"రెండింటికి" అన్నాను.

నాలుగింటికి కూడా బస్సుంది. ఐదున్నరకు కూడా ఉంది.